విధుల్లో ఉన్న పోలీసును చంపితే ఉరి తప్పనిసరి చేసే చట్టం వస్తే, మా కేసుకు వర్తిస్తుందా?

ప్రశ్న: మేము బెంగళూరు కృష్ణరాజపురంలో ఉంటాం. కర్ణాటక పోలీసు శాఖలో కానిస్టేబుల్‌గా పనిచేసే మా తమ్ముడు నాలుగు నెలల క్రితం రాత్రి తనిఖీలో ఇసుక లారీని ఆపబోగా, డ్రైవరు ఆపకుండా అతని మీదుగా పోనిచ్చాడు. తమ్ముడు అక్కడికక్కడే చనిపోయాడు. ఎఫ్‌ఐఆర్‌లో నిర్లక్ష్యపు సెక్షన్ మాత్రమే పెట్టడంతో డ్రైవరు బెయిలు మీద తిరుగుతున్నాడు. పోలీసును చంపితే మరణశిక్ష తప్పనిసరి చేయాలని అమెరికాలో ప్రతిపాదించారని చదివాం. ఇక్కడ అలాంటి చట్టం వస్తే మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: ఆ చట్టం వచ్చినా మీ కేసుకు వర్తించదు. రాజ్యాంగం 20(1) అధికరణ ప్రకారం, నేరం జరిగిన నాటికి అమల్లో ఉన్న చట్టం విధించగల శిక్షను మించి ఎవరికీ శిక్ష వేయకూడదు.

మీరు చదివినది 2025 మార్చిలో అమెరికా కాంగ్రెస్ ఉభయసభల ఎదుట అధ్యక్షుడు ట్రంప్ చేసిన విజ్ఞప్తి గురించి కావచ్చు. అయితే విధుల్లో ఉన్న పోలీసును చంపితే ఉరి తప్పనిసరి అన్న లూసియానా రాష్ట్ర చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1977లోనే కొట్టివేసింది. అటువంటి హత్య నేర తీవ్రతను పెంచేదే అయినా, నిందితుడికి అనుకూలమైన పరిస్థితులను చూసే వీలు లేకుండా చేయకూడదన్నది ఆ తీర్పు సారం.

మన దేశంలోనూ అంతే. జీవితఖైదు అనుభవిస్తూ హత్య చేసినవారికి ఉరి తప్పనిసరి చేసిన ఐపీసీ 303వ సెక్షన్ వెనుక ఉన్న ఉద్దేశం ఖైదీల దాడుల నుంచి జైలు సిబ్బందిని కాపాడటం. అంత న్యాయమైన ఉద్దేశంతో వచ్చిన ఆ సెక్షన్‌ను కూడా 1983లో మిఠూ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని రద్దు చేసింది. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆ సెక్షన్ స్థానంలో ఉన్న 104వ సెక్షన్ ఉరికి గానీ, చనిపోయేవరకు ఖైదుకు గానీ వీలు కల్పిస్తుంది. మరోవైపు 1980 నాటి బచన్ సింగ్ తీర్పులో, విధుల్లో ఉన్న పోలీసును చంపడాన్ని శిక్ష పెంచే పరిస్థితుల్లో ఒకటిగా పరిగణించాలన్న సూచనను రాజ్యాంగ ధర్మాసనం ప్రస్తావించి, సూత్రరీత్యా అభ్యంతరం లేదంది. అంటే మీరు కోరుకుంటున్న కఠినత్వానికి ఇప్పటికే చోటుంది. అయితే కేసు హత్య సెక్షన్ దాకా వెళితేనే అది అక్కరకొస్తుంది.

మీ అసలు చిక్కు అక్కడే ఉంది. నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం న్యాయ సంహిత 106(1) సెక్షన్ కిందకు వస్తుంది. గరిష్ఠ శిక్ష ఐదేళ్లు, పైగా బెయిలుకు వీలున్న నేరం. హత్య అయితే 103(1) కింద ఉరి లేదా జీవితఖైదు. ఈ రెంటి మధ్య, హత్య కిందకు రాని నరహత్యకు శిక్ష చెప్పే 105వ సెక్షన్ ఉంది. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడని, ముందుకు పోతే చావు దాదాపు తప్పదని తెలిసీ లారీని పోనిస్తే, చంపాలన్న పగ లేకపోయినా 101వ సెక్షన్ నాలుగో క్లాజు ప్రకారం అది హత్య కావచ్చు. కాబట్టి లారీ వేగం తగ్గించిందా, ఆపమన్న సైగను డ్రైవరు చూశాడా, పక్కకు తిప్పే వీలుందా అన్న విషయాలపై తోటి సిబ్బంది వాంగ్మూలాలు, సీసీటీవీ దృశ్యాలు, రోడ్డు మీద బ్రేకు గుర్తుల నివేదిక రికార్డులోకి వచ్చాయో లేదో ముందు తెలుసుకోండి. ఎఫ్‌ఐఆర్‌లో లేని సెక్షన్లను దర్యాప్తు అధికారి తర్వాత చేర్చవచ్చు. తీర్పు వెలువడేలోపు అభియోగాన్ని మార్చే అధికారం క్రిమినల్ విచారణ పద్ధతిని చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 239వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. పోలీసు శాఖ తన మనిషి కేసులోనే ఇంత తేలిక సెక్షన్‌తో సరిపెట్టుకోవడం నాకు వింతగానే ఉంది, కానీ తెల్లవారుజామున హడావుడిగా రాసే ఎఫ్‌ఐఆర్‌లలో ఇది అరుదు కాదు.

దరఖాస్తులు మాత్రం మీ మరదలి పేరున గానీ, మీ అమ్మగారి పేరున గానీ వేయండి. చట్టం 'బాధితుడు' అన్న పదంలో వారసులను చేర్చింది. భార్య, తల్లి ఉండగా అన్నదమ్ములు ఆ వరుసలోకి రారు. బాధితులకు బెయిలు విచారణలో సైతం తమ మాట వినిపించే హక్కుందని 2022లో లఖీంపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కోర్టు అనుమతితో, ప్రాసిక్యూటరుకు సాయంగా సొంత వకీలును పెట్టుకోవచ్చు. నిర్దోషిగా వదిలేసినా, చిన్న నేరం కిందే శిక్ష వేసినా అప్పీలు చేసుకోవచ్చు. శిక్ష చాలదన్న కారణంతో మాత్రం మీరు అప్పీలు చేయలేరు, అది ప్రభుత్వం చేయాలి.

ఇక గడువులున్న పనులు. మోటారు ప్రమాద ట్రిబ్యునల్‌లో పరిహారం దావాకు చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. మీకు రెండు నెలలే మిగిలాయి. హత్య అంటే ప్రమాద పరిహారం రాదేమోనని భయపడకండి. చంపడమే ప్రధాన ఉద్దేశమైతే అది ప్రమాదం కాదనీ, మరో పని కోసం చేసిన చర్యలో మరణం సంభవిస్తే ప్రమాదమేననీ 2000లో రీటా దేవి కేసులో సుప్రీంకోర్టు తేడా చూపింది. తప్పించుకుపోవడమే డ్రైవరు ఉద్దేశం, చావు తప్పదని మాత్రం అతనికి తెలుసు అన్న ఒకే కథనం క్రిమినల్ కోర్టులోనూ ట్రిబ్యునల్‌లోనూ నిలుస్తుంది. రెండుచోట్లా రెండు రకాలుగా చెబితే బీమా కంపెనీ వకీలూ, డ్రైవరు వకీలూ చెరో కాగితం పట్టుకుంటారు. కారుణ్య నియామకానికి కర్ణాటక నిబంధనల ప్రకారం మరణించిన ఏడాదిలోపు మీ మరదలు శాఖకు దరఖాస్తు ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, ఆ రాత్రి డ్యూటీ ఆర్డరు నకళ్లు ఈ వారంలోనే తీసుకుని, ట్రిబ్యునల్ పిటిషన్‌ను ముందు దాఖలు చేయించండి.