‘ఫోకస్’ తరహా వోకోడర్ గొంతులో మాటలు ఎందుకు పోతున్నాయంటే

అమెరికన్ మెటల్ బ్యాండ్ సినిక్ ఆల్బమ్ ‘ఫోకస్’ (1993)లో పాల్ మాస్విడాల్ పాడిన రోబో గొంతు కోసం వోకోడర్ పెడితే స్వరం వినిపిస్తోంది గానీ మాటలు తెలియడం లేదన్నారు కదా. లోపం మీ గొంతులో లేదండీ, వోకోడర్‌కి స్వరం అందించే సింథ్ (సింథసైజర్)‌లో ఉంది.

వోకోడర్ గొంతును ఫ్రీక్వెన్సీ పట్టీలుగా (బ్యాండ్లుగా) విడగొట్టి, ఏ పట్టీలో ఎంత బలం ఉంటే అంత మేరకు సింథ్ శబ్దాన్ని వదులుతుంది. సింథ్‌లో ఆ పట్టీకి తగిన శబ్దమే లేకపోతే వదలడానికేముంది? సింథ్‌లో ఒకే ఫ్రీక్వెన్సీ ఉండే సైన్ వేవ్ తీసేసి, పై ఫ్రీక్వెన్సీలు కూడా నిండుగా ఉండే సాటూత్ వేవ్ పెట్టండి, దాని ఫిల్టర్ పూర్తిగా తెరవండి. బ్యాండ్లు 16 నుంచి 20 చాలు. రిలీజ్ (పట్టీ మూసుకోడానికి పట్టే సమయం) 20 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టండి; ఎక్కువైతే అక్షరాలు ఒకదానిమీదొకటి పూసుకుపోతాయి. వోకోడర్‌కి ముందు గొంతు హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్‌ని 4:1 దగ్గర పెడితే మంచిది.

శ, ష, స లకు సాటూత్ కూడా చాలదు. సింథ్‌లో కాస్త వైట్ నాయిస్ (‘హిస్స్’మనే శబ్దం) కలపండి, లేదా అసలు గొంతుకి 5 కిలోహెర్ట్జ్ దగ్గర హై-పాస్ (కింది ఫ్రీక్వెన్సీలను తీసేసే ఫిల్టర్) పెట్టి సన్నగా కలపండి. ‘శంఖం’ అని పాడి చూడండి. ‘అంఖం’లా వినిపిస్తే ఇంకా చాలలేదన్నమాట.

గ్రౌల్‌ని (మెటల్ పాటల్లో గుర్రుమనే గొంతుని) మాత్రం వోకోడర్‌లోకి పంపకండి. అందులో గరుకు ఎక్కువ, పట్టీలన్నీ ఒక్కసారే తెరుచుకుని బురదైపోతుంది. ‘ఫోకస్’లోనూ గ్రౌల్స్ టోనీ టీగార్డెన్‌వి, వేరే గొంతు. అమెరికాలోని టాంపాలో ఉన్న మోరిసౌండ్ స్టూడియోలో నిర్మాత స్కాట్ బర్న్స్ చేసిన ఆ రికార్డింగ్‌లో రెండు గొంతులూ దేని చోట అది నిలబడతాయి. గ్రౌల్స్ నిండిన డెత్ మెటల్‌లో అంత మెత్తటి గొంతుకీ చోటుందని ఆ ఆల్బమ్ చూపించింది. మీ మిక్స్‌లోనూ వోకోడర్ వచ్చేచోట గిటార్లను 2 కిలోహెర్ట్జ్ దగ్గర 2, 3 డెసిబెల్స్ తగ్గించండి.