ఉల్లి వేరులో ఏం కనిపించింది?

(జూనియర్ కాలేజీల్లో 31 ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్ పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బాటనీ లెక్చరర్‌గా చేరి రెండేళ్ళయింది. పిల్లలు సమవిభజన (ఒక కణం రెండుగా విడిపోవడం) దశలు గడగడా అప్పజెబుతారు. రికార్డుల్లో బొమ్మలు అచ్చుగుద్దినట్టు ఒకటే. మైక్రోస్కోపు దగ్గర నిలబెడితే "ఏం కనబడుతలేదు మేడం" అంటారు. ఈసారి యూనిట్ టెస్టులో పుస్తకంలో లేని ప్రశ్నలిచ్చాను. నలభై మందిలో ఆరుగురే పాసయ్యారు. ప్రిన్సిపాల్ గారు పిలిచి "పిల్లల్ని భయపెట్టకండి" అన్నారు. తప్పు నాదేనా?
– ఒక లెక్చరర్, జగిత్యాల జిల్లా

జవాబు: కొంత మీదే అమ్మా, నొచ్చుకోకండి. ఏడాది పొడుగునా "ఈ ప్రశ్నకు నాలుగు పాయింట్లు, బొమ్మ తప్పనిసరి" అని చెప్పి, ఒకరోజు పొద్దున్నే దానికి పూర్తిగా అడ్డం తిరిగిన పేపరు చేతిలో పెడితే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ మీకు కలిగిన అనుమానం సరైనదే. ఆ విషయంలో నేను మీకంటే పెద్ద తప్పు చేసినవాణ్ణి.

చాలా ఏళ్ళ కిందట ఒక ఊళ్ళో ప్రాక్టికల్స్‌కు ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి నుంచి వచ్చే పరీక్షకుడిగా వెళ్ళాను. ఇద్దరు ఆడపిల్లలకు ఉల్లి వేరు కొన పడింది. మొదటి అమ్మాయి నాలుగు కణాలు వేసింది. ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ వరసగా, గీత చెదరకుండా. రెండో అమ్మాయి పెద్ద వలయం గీసి, దాన్నిండా ఇటుకల్లాంటి కణాలు, వాటిలో గుండ్రటి కేంద్రకాలు వేసుకుంటూ పోయింది. ఒక మూల మాత్రం ఒక కణంలో క్రోమోజోములు ఏటవాలుగా బారుతీరి ఉన్నాయి. మొదటి అమ్మాయికి నిండుగా మార్కులేశాను, రెండో అమ్మాయికి సగం కోశాను. "దశలన్నీ ఏవీ?" అన్నాను. ఆ పిల్ల మెల్లగా, "నాకు గదే కనిపించింది సార్" అంది. టైమవుతోంది, ఇంకో బ్యాచ్ వరండాలో నిలబడి ఉంది. "పో పో" అన్నాను.

సాయంత్రం సామాను సర్దుతుంటే ఆమె స్లైడు ఇంకా మైక్రోస్కోపు మీదే ఉంది. కన్ను పెట్టి చూశాను. ఆ పిల్ల వేసింది వేసినట్టుగా ఉంది, మూలనున్న ఏటవాలు కణంతో సహా. మొదటి అమ్మాయి స్లైడు కూడా చూశాను. అందులో వేరు కొనే లేదు, పైనున్న ముదురు భాగం పెట్టింది. విభజనలో ఉన్న కణం ఒక్కటీ లేదు. మార్కుల జాబితా అప్పటికే సంతకమై కవరులోకి పోయింది.

మన పాఠ్యపుస్తకంలోనే ఉంది కదా, 24 గంటల మానవ కణచక్రంలో అసలు విభజనకు పట్టేది దాదాపు ఒక గంట, 95 శాతానికి పైగా సమయం అంతర్దశదే (విభజనకు ముందు కణం సిద్ధమయ్యే దశ) అని. పిల్లలు ఆ వాక్యాన్ని రెండు మార్కులకు కంఠతా పడతారు. అదే పిల్లలు రికార్డులో అంతర్దశ కణం ఒక్కటీ వెయ్యరు. ఆ వాక్యానికీ ఈ బొమ్మకూ చుట్టరికం ఉందని మనం ఏనాడూ చెప్పలేదు.

కాబట్టి ఇలా చేసి చూడండి. మూతి వెడల్పున్న సీసాలో నీళ్ళు పోసి, ఉల్లిగడ్డ అడుగు మాత్రం తగిలేలా కూర్చోబెట్టండి. మూడు నాలుగు రోజుల్లో వేళ్ళు దిగుతాయి. పొద్దున పదిలోపే కొనలు కత్తిరించండి. ఒక పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, మూడు పాళ్ళు ఆల్కహాలు కలిపిన ద్రవంలో ఒక రోజు ఉంచండి. మర్నాడు కొసన తెల్లగా చిక్కగా కనిపించే రెండు మిల్లీమీటర్లే తీసుకోవాలి. పిల్లలు పోగొట్టుకునేది సరిగ్గా అక్కడే, పొడుగు ముక్క కోసి కొనను పారేస్తారు. ఎసిటోకార్మిన్ రంగుతో, చుక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కాస్త వెచ్చబెట్టి, కవర్‌స్లిప్ వేసి, పైన బ్లాటింగ్ కాగితం పెట్టి బొటనవేలితో నిట్టనిలువుగా నొక్కాలి. వేలు పక్కకు జరిగితే కణాలన్నీ చుట్టలు చుట్టుకుపోతాయి. "ఏం కనబడుతలేదు" అన్న మాటకు సగం కారణం ఆ బొటనవేలే.

ఇక ప్రశ్న. దశలు వర్ణించమనకండి. "వంద కణాలు లెక్కపెట్టి, ఏ దశలో ఎన్ని ఉన్నాయో పట్టిక రాయి. అంతర్దశవే ఎందుకు ఎక్కువ?" అనండి. మా ల్యాబులో వందకు పదో పన్నెండో విభజనలో దొరికేవి. పట్టికకు రెండు మార్కులు, చూసింది చూసినట్టు వేసిన బొమ్మకు ఒకటి, కారణానికి రెండు. బొమ్మ అందానికి సున్నా, ఆ మాట ముందే చెప్పండి.

కారణం రాయలేకపోతే బస్టాండు గుర్తుచెయ్యండి. మీ ఊరి బస్టాండును మేడ మీంచి ఫొటో తీస్తే అందులో ఎక్కువ మంది బెంచీల మీద కూర్చునే ఉంటారు, బస్సెక్కుతూ దొరికేది నలుగురైదుగురు. ఎక్కడానికి అర నిమిషం, ఎదురుచూడటానికి గంట. స్లైడు కూడా ఫొటోయే. నేను చెప్పకముందు ఒక పిల్లవాడు, "వేరు కోయంగనే కణాలు భయపడి ఆగిపోయినయ్" అని రాశాడు. స్టాఫ్‌రూములో అందరం నవ్వుకున్నాం. ఆ తర్వాత ఆలోచిస్తే, ద్రవంలో పడిన క్షణాన ఏ కణం ఎక్కడుందో అక్కడే ఆగిపోయిందన్న సంగతి వాడొక్కడికే తట్టింది. ఒక మార్కు ఇచ్చాను.

ప్రిన్సిపాల్ గారి విషయం. ఇరవై మార్కుల టెస్టులో ఇలాంటిది మూడు మార్కులకు మించనివ్వకండి, మిగతా పదిహేడూ పాత దారిలోనే. దసరాకు నేను పైన చెప్పిన పూర్తి అయిదుకు పెంచండి. అప్పుడు ఎవరూ మిమ్మల్ని పిలవరు.

ప్రశ్న: మా అమ్మాయి కార్పొరేట్ కాలేజీలో బైపీసీ. ఫస్టియర్ బాటనీలో 60కి 59, జువాలజీలో 58. నీట్ మాక్ టెస్టులో బయాలజీ మాత్రం 360కి 150 దాటడం లేదు. రోజూ పరీక్షే పెడుతున్నారు. ఇంకో కోచింగులో చేర్పించాలా?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: ఆగండి అయ్యా, ఫీజు కట్టేముందు ఒక లెక్క చూడండి. మన బోర్డు పాత పేపరులో రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి ఎనిమిది, ఎనిమిది మార్కులవి మూడు. అంటే 76 మార్కుల ప్రశ్నలు అచ్చేసి 60కి రాయమంటాం. ఆ ఛాయిస్ తోడుంటే ఒకటి రెండు పాఠాలు ముట్టకుండానే 59 తెచ్చుకోవచ్చు. నీట్‌లో బయాలజీ ప్రశ్నలు 90, ప్రతి పాఠమూ తలుపు తడుతుంది. పైగా అక్కడ అప్పజెప్పే పని లేదు, ఒకలాంటి నాలుగు వాక్యాల్లో తప్పుదాన్ని పట్టుకోవాలి.

ఈ రాత్రి అన్నాల దగ్గర మీ అమ్మాయిని ఒకటి అడగండి. కింది వైపు ఊదారంగుండే రియో ఆకు పొర తీసి గాఢమైన ఉప్పునీళ్ళలో వేస్తే, కణంలోని జీవపదార్థం ముడుచుకుని గోడను వదిలి లోపలికి వస్తుంది. దాన్ని ప్లాస్మాలైసిస్ అంటారని ఆమెకు తెలుసు, బొమ్మ కూడా వేసే ఉంటుంది. ఆ గోడకూ ముడుచుకున్న ముద్దకూ మధ్య ఖాళీలో ఏముంది?

నా క్లాసుల్లో ఎక్కువ మంది "గాలి" అనేవారు. కొందరు "ఏమీ లేదు" అనేవారు. అక్కడున్నది బయటి ఉప్పునీళ్ళే. కణ గోడ దేన్నీ పెద్దగా ఆపదు, ఆపేది లోపలి పొర. ఈ ఒక్క సంగతి అర్థమైతే ద్రవాభిసరణ (పొర గుండా నీళ్ళు లోపలికీ బయటికీ పోవడం) మీద వచ్చే ప్రశ్నలు సగం వాటంతటవే విడిపోతాయి. మీ అమ్మాయి కూడా "గాలి" అంటే కోప్పడకండి. బొమ్మ వేసింది కానీ ఆకు చూపించి ఉండరు. చాలాచోట్ల ల్యాబు తలుపు తెరిచేది ప్రాక్టికల్స్‌కు పది రోజుల ముందే.

పరీక్షలు ఎక్కువై తిన్నది అరగనట్టుంది పిల్లకు. వారానికి రెండు మాక్‌లు మానిపించి, ఆ సమయంలో తప్పు పెట్టిన ప్రతి ప్రశ్న కిందా మిగతా మూడూ ఎందుకు కాదో సొంత మాటల్లో రాయమనండి. తెలుగులో రాసినా సరే. మైనస్ మార్కు భయం ఉంటే ఇది కూడా చెప్పండి: సరైనదానికి నాలుగు, తప్పుకు ఒకటి పోతుంది. నాలుగింట్లో రెండు కావని గట్టిగా తెలిస్తే మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టడం లాభమే.

ప్రశ్న: మా పాపకు రికార్డు వేసే తీరిక లేదని బొమ్మలన్నీ నేనే వేసి పెట్టాను. ఎక్స్‌టర్నల్ కనిపెడతారా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: కనిపెడతామమ్మా. నీడలు మరీ చక్కగా వస్తాయి. మీకు మార్కులు వేసే వీలుంటే వేద్దును. పాప చేత వారానికి రెండు బొమ్మలైనా మళ్ళీ వేయించండి.

ప్రశ్న: సార్, నేను తెలుగు మీడియం. పత్రరంధ్రాలు అనాలా, స్టొమేటా అనాలా? ఇంగ్లిష్ పదం రాస్తే మార్కులు పోతాయా?
– ఇంటర్ విద్యార్థి, నారాయణపేట జిల్లా

జవాబు: పోవు నాన్నా. స్పాట్ వాల్యుయేషన్‌లో నేను దిద్దిన పేపర్లలో రెండూ ఒప్పుకున్నాం. ఒక జవాబులో మొదట ఏది రాస్తే చివరిదాకా అదే రాయి, బొమ్మలో పేర్లు కూడా అవే ఉండాలి. శాస్త్రీయ నామాల్లో ప్రజాతి పేరుకూ జాతి పేరుకూ కింద విడివిడిగా గీతలు గియ్యి, కలిపి ఒకే గీత కాదు. నీట్ తెలుగులోనూ రాయొచ్చు. అయితే అనువాదంలో తేడా వస్తే అక్కడ ఇంగ్లిష్ ప్రశ్నదే తుది మాట. అందుకే ఇప్పటి నుంచే నోట్సు అంచున ప్రతి తెలుగు పదం పక్కనా దాని ఇంగ్లిష్ పదం రాసుకో. రోజుకు అయిదు చాలు. పుష్పం పాఠంతో మొదలుపెట్టు. ఉమ్మెత్త పువ్వు ఒకటి కోసి ముందు పెట్టుకుని, రక్షకపత్రాల నుంచి అండాశయం దాకా ఒక్కొక్కటీ విప్పుతూ రెండు పేర్లూ పైకి చదువు. కేసరాలు ఆకర్షణపత్రాలకు అతుక్కుని ఉంటాయి, లాగి చూడు. చేతులు మాత్రం కడుక్కో, అది విషపు మొక్క.