మూడో కాలేజీకి మారాలనుకునే మేనల్లుడి కోసం

చిరంజీవి చెల్లెలికి, అన్నయ్య ఆశీస్సులు.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడుతున్న అబ్బాయి మళ్ళీ కాలేజీ మారతానంటున్నాడని, చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదని రాశావు. చుట్టాల సంగతి పక్కన పెట్టు. చేరిన కాలేజీలోనే చదువు ముగించడం మనవాళ్ళ అలవాటు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో మాత్రం మారినవాణ్ణి ఇప్పుడెవరూ వింతగా చూడరు. 2021 వరకు మారినవాడు సాధారణంగా ఒక సీజన్ ఆడకుండా కూర్చోవాలి. 2014లో టెక్సస్ టెక్ నుంచి ఓక్లహోమాకు వెళ్ళిన బేకర్ మేఫీల్డ్ స్కాలర్‌షిప్ కూడా లేకుండా అలా ఏడాది గడిపి, 2017లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. 2024 నుంచి, చదువు సరిగా సాగుతుంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చు. ఇంత సులువైంది కాబట్టే తొందరపడతారని నా దిగులు.

వాడు కామ్ వార్డ్ అనే ఆటగాడి కథ చెప్పి నిన్ను ఒప్పించాలని చూస్తున్నాడు కదా. మంచి ఉదాహరణే, కానీ మొత్తం చూడమను. హైస్కూల్లో అతని జట్టు ఎక్కువగా బంతితో పరుగెత్తే ఆట ఆడేది. క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడిగా, అతనికి విసిరే అవకాశాలు తక్కువ కావడంతో పెద్ద కాలేజీల కళ్ళు పడలేదు. శాన్ ఆంటోనియోలోని ఇన్కార్నేట్ వర్డ్ అనే చిన్న విశ్వవిద్యాలయం పిలిచింది. అక్కడ తనను తీసుకున్న ఎరిక్ మోరిస్ 2022లో వాషింగ్టన్ స్టేట్‌కు కోచ్‌గా వెళ్తే, తన ఆట తెలిసిన ఆ మనిషి వెంటే వెళ్ళాడు. తర్వాత మయామీ విశ్వవిద్యాలయానికి మారి, 2024లో అక్కడ 39 టచ్‌డౌన్ పాసులు (స్కోరు తెచ్చే విసుర్లు) విసిరాడు. 2025 ఏప్రిల్‌లో టెన్నెసీ టైటన్స్ జట్టు అతణ్ణి ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే చోట) అందరికంటే ముందు ఎంచుకుంది. రెండుసార్లూ అతను బెంచీ మీద కూర్చోబెట్టారని అలిగి వెళ్ళలేదు. మైదానంలో ఆడుతూ ఆడుతూ పై మెట్టుకు వెళ్ళాడు. మన వాడు బయలుదేరేది దేనికో వాడి నోటితోనే చెప్పించు. 'ఈ కోచ్ నాకు నచ్చలేదు' అంటే నాకు చాలదు. 'అక్కడ ఫలానా ఆటలో నాకు ఫలానా స్థానం ఉంది' అనాలి.

జె.టి. డానియల్స్ పేరు కూడా వాడికి తెలిసే ఉంటుంది. యూఎస్‌సీలో (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) మొదటి ఏడాదే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు. 2019 మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతింది. తర్వాత జార్జియా, వెస్ట్ వర్జీనియా, రైస్ విశ్వవిద్యాలయాలకు మారాడు. తలకు తగిలిన దెబ్బల వల్ల 2023లో ఆట మానేయవలసి వచ్చింది. ఎంత ప్రతిభ ఉన్నా శరీరం మాట వినకపోవచ్చు. అందుకే ఈ ఉత్తరంలో నేను గట్టిగా పట్టుబట్టేది చదువు గురించే, అంటే కోర్సులు పాసైతే డిగ్రీకి జమయ్యే క్రెడిట్ల గురించే.

కాలేజీ మారినప్పుడల్లా కొన్ని క్రెడిట్లు పోవచ్చు. ఏ క్రెడిటూ పోకుండా అంగీకరించారని సంతోషపడేలోగా, అవి వాడి డిగ్రీకి కావలసిన కోర్సులుగా కాక ఖాళీ ఎలక్టివ్‌లుగా (ఐచ్ఛిక కోర్సులుగా) జమ అవుతున్నాయని తెలియవచ్చు. ఆడే అర్హత నిలవాలంటే ఏటేటా డిగ్రీలో నిర్ణీత శాతం పూర్తయి ఉండాలి. పైగా దక్షిణాది రాష్ట్రాల కాలేజీలకు గుర్తింపునిచ్చే సంస్థ నిబంధన ప్రకారం డిగ్రీ క్రెడిట్లలో కనీసం 25 శాతం ఆ డిగ్రీ ఇచ్చే చోటే చదవాలి. 120 క్రెడిట్ల డిగ్రీలో అది 30. చివరి ఏడాదిలో ఇంకోసారి మారితే పట్టా వాయిదా పడుతుంది. కొత్త కాలేజీ అడ్వైజర్ చేత 'ఈ కోర్సు ఈ కోర్సుకు బదులు' అని రాతపూర్వకంగా తీసుకోండి. కోచ్ నోటి మాట చాలదు. చదువు లెక్క చూడటం అతని పని కాదు.

ఇంకొకటి. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే మారాలనుకునే ఆటగాళ్ళ ఆన్‌లైన్ జాబితాలో, పేరు పెట్టమని అడిగితే కాలేజీ కాదనలేదు, రెండు పనిదినాల్లో పెట్టాలి. కానీ పేరు ఎక్కాక ఆ టర్మ్ చివర స్కాలర్‌షిప్ ఆపేయవచ్చు. మనసు మార్చుకుని వెనక్కి వస్తానంటే తీసుకోవాలనే నియమం లేదు. చోటు దొరకనివాళ్ళు చాలామందే మిగిలిపోతారు. పేరు ఎక్కకముందే ఇతర కోచ్‌లు మాట్లాడటం నిబంధనలకు విరుద్ధం, కనుక మధ్యవర్తుల మాటలు నమ్మవద్దు. 2026లో పేరు పెట్టడానికి వసంతకాలపు గడువు తీసేసి, జనవరి 2 నుంచి 16 వరకే అవకాశం ఇచ్చారు. రెండు వారాల్లో తేల్చుకోవలసిన పనికి ఇంట్లో ముందుగానే కూర్చుని మాట్లాడుకోవాలి.

పిలిచిన కోచ్‌ని అడగవలసినవి వాడే అడగాలి, నువ్వు కాదు: నా స్థానంలో నాకంటే ముందు ఎంతమంది రిసీవర్లు (విసిరిన బంతిని పట్టేవాళ్ళు) ఉన్నారు, వాళ్ళలో వచ్చే ఏడాది ఎవరు మిగులుతారు, ఆటను నడిపే కోఆర్డినేటర్ ఉంటాడా, స్కాలర్‌షిప్ ఎన్నేళ్ళకు రాసిస్తారు? కోఆర్డినేటర్ వెళ్ళిపోతే వాడి కోసం వేసిన ఆటే మారిపోతుంది.

డబ్బు గురించి బావగారు అడిగారు. 2025 నుంచి కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా చెల్లించవచ్చు. ఒప్పందాన్ని, ఆ డబ్బులో వాటా లేని లాయరు చదవాలి. దాని మీద పన్ను కట్టాలి, వచ్చిన రోజే పక్కన పెట్టమను.

వాణ్ణి నిలకడలేనివాడని మాత్రం అనవద్దు. పందొమ్మిదేళ్ళ పిల్లవాడు, ఊరుగాని ఊళ్ళో తెల్లవారుజామునే లేచి కసరత్తు చేస్తున్నాడు. శనివారం మ్యాచ్ అయిపోయాక కాదు, ఆదివారం మధ్యాహ్నం నాకు ఫోను చేయమను. రెండు కాలేజీల ట్రాన్‌స్క్రిప్టులూ (చదివిన కోర్సులు, మార్కుల పత్రాలు) ఎదురుగా పెట్టుకోమను.

మీ అన్నయ్య