పాత యాంటెనాకి దూరదర్శన్ ఎందుకు రావట్లేదు? రిలే కేంద్రంలో పనిచేసినవాడిగా నా సమాధానం

మీ తాతగారి ఊళ్ళో డాబా మీది యాంటెనాకి దూరదర్శన్ రావడం ఆగిపోయిందని, వైరూ బూస్టరూ మార్చినా తెర మీద చుక్కలే కనిపిస్తున్నాయని రాశారు. ఇంకేమీ మార్పించకండి. యాంటెనా బాగానే ఉండి ఉంటుంది, దానికి సిగ్నల్ పంపే రిలే కేంద్రాన్నే మూసేసి ఉంటారు. అలాంటి ఒక కేంద్రంలో నేను చాలా ఏళ్ళు టెక్నీషియన్‌గా చేశాను. దాన్ని ఆపేసిన రోజు డ్యూటీలో ఉన్నాను.

1984లో కొన్ని నెలలపాటు దేశంలో దాదాపు రోజుకొకటి చొప్పున ఈ ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ వెళ్ళారు. మాది చిన్నది. ఊరి చివర రెండు గదులు, ఆవరణలో పెద్ద డిష్షు, పక్కనే టవరు. ఉపగ్రహం నుంచి డిష్షుకి అందిన కార్యక్రమాన్ని వంద వాట్ల ట్రాన్స్‌మిటర్ తీసుకుని చుట్టుపక్కల ఊళ్ళకి పంపేది. పదిహేను, ఇరవై కిలోమీటర్ల దాకా బొమ్మ అందేది. ఇంత చిన్నదానికీ షిఫ్టుల వారీగా మనుషులుండాలి, కరెంటు పోతే జనరేటరుండాలి, లాగ్ బుక్‌లో మీటరు రీడింగులు ఎక్కిస్తూ ఉండాలి.

2021 అక్టోబరులో దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతి విషయం తేల్చి చెప్పింది. మాలాంటి పాత పద్ధతి (అనలాగ్) ట్రాన్స్‌మిటర్లలో సుమారు 70 శాతం అప్పటికే ఆపేశామని, వ్యూహాత్మక ప్రాంతాల్లోని ఓ యాభై తప్ప మిగతావన్నీ 2022 మార్చి 31లోగా ఆపేస్తామని ప్రకటించింది. ఏటా దాదాపు 100 కోట్ల రూపాయలు ఆదా అని, ఖాళీ అయిన స్పెక్ట్రమ్, అంటే ప్రసార తరంగాల జాగా, 5జీ లాంటివాటికి పనికొస్తుందని కారణాలు చెప్పింది. నిర్ణయం తప్పని నేననను. జనంలో ఎక్కువమంది ఎప్పుడో కేబుల్‌కీ డిష్‌కీ మారిపోయారు. పాత పరికరాలకి విడిభాగాలు దొరకడమే మాకు గగనమైపోయింది.

ఆఖరి రోజు కూడా రోజూ రాత్రి చేసే పనే చేశాం. ముందు పవర్ తగ్గించి ట్రాన్స్‌మిటర్ ఆపి, వేడి తగ్గేదాకా ఫ్యాన్లు తిరగనిచ్చి, మెయిన్ దించేశాం. టైము రాసి సంతకం పెట్టాను. నన్ను నిజంగా బాధపెట్టింది మాత్రం ఆ తర్వాతి రోజులే. ఒక పెద్దాయన తన యాంటెనా విప్పి సైకిలుకి కట్టుకుని మా గేటు దగ్గరికి తెచ్చాడు. "దీంట్లో ఏం పోయిందో చూడు బాబూ" అన్నాడు. ఏమీ పోలేదని, మేమే ఆపేశామని చెప్తే నమ్మలేదు. లోపలికి తీసుకెళ్ళి ఆపేసిన మిషను చూపించాల్సి వచ్చింది. నెలనెలా కేబుల్ బిల్లు కట్టే స్థోమత లేని ఇల్లు ఆయనది. లెక్కేస్తే ఇలాంటివాళ్ళు తక్కువే. కానీ వేరే దారి లేనివాళ్ళే చివరిదాకా యాంటెనా మీద ఉండిపోయారు. ఏ సేవ ఆపేసినా పేపర్లో వేస్తే వాళ్ళకి చేరదు. నెలల ముందే ఊళ్ళో దండోరా వేయించాలి, బదులుగా ఏం పెట్టుకోవాలో ఇంటికెళ్ళి చెప్పాలి.

ఇక మళ్ళీ వస్తుందా అని అడిగారు. యాంటెనాకి రాదు. 2016లో 16 నగరాల్లో డిజిటల్ టెరెస్ట్రియల్ ప్రసారాలు, అంటే టవరు నుంచి నేరుగా యాంటెనాకి అందే డిజిటల్ ప్రసారాలు, మొదలుపెట్టారు గానీ, వాటిలో మన తెలుగు నగరం ఒక్కటీ లేదు.

తాతగారికి డీడీ ఫ్రీ డిష్, అంటే దూరదర్శన్ వాళ్ళ ఉచిత డిష్ సేవ, పెట్టించండి. డిష్షు, బాక్సు ఒకసారి కొంటే చాలు, నెలవారీ చందా లేదు. దూరదర్శన్ తెలుగు ఛానళ్ళు సప్తగిరి, యాదగిరి రెండూ వస్తాయి. బాక్సు ఎంపెగ్-4 రకమే అడిగి తీసుకోండి, పాత రకంలో కొన్ని ఛానళ్ళు రావు. ఫ్రీ డిష్ ప్రసారాలు వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది కాబట్టి మన ప్రాంతంలో డిష్షు ఆగ్నేయానికి, బాగా పైకి చూడాలి. ఆ వైపు కొబ్బరిచెట్టు అడ్డం లేకుండా చోటు చూసుకోండి. ఛానల్ కనిపించకపోతే కంగారు పడొద్దు, మళ్ళీ ఆటో స్కాన్ పెడితే సాధారణంగా దొరుకుతుంది. ఆ పని తాతగారికి ఒకటికి రెండుసార్లు దగ్గరుండి నేర్పండి.

ఒక్క ఇబ్బంది ఉంది. కుండపోత వాన పడితే డిష్షు సిగ్నల్ పోతుంది, పాత యాంటెనాకి ఆ బెడద ఉండేది కాదు. మీది తుఫాన్లు తగిలే ఊరైతే బ్యాటరీ రేడియో ఒకటి కొనిపెట్టండి, ఆకాశవాణి వార్తలు వినొచ్చు. తుప్పుపట్టిన ఆ యాంటెనా గొట్టాన్ని మాత్రం ఈ వానాకాలంలోపే దింపించేయండి, గాలికి పక్కింటి మీద పడుతుంది.