నాచు గోడలు నీటిని కడుగుతాయా?

ప్రశ్న: గోడకు నాచు పలకలు బిగిస్తే మురికినీళ్లు శుభ్రమవుతాయని చదివాను. జర్మనీలో అలా ఇల్లే కట్టారట! మా ఇంట్లో బట్టలుతికిన నీళ్లకి పనికొస్తుందా?

జవాబు: మీరు రెండు వేర్వేరు సంగతులు కలిపేశారు. హాంబర్గ్‌లో 2013లో కట్టిన ఆ బీఐక్యూ ఇంటికి 129 గాజు పలకలున్నాయి, వాటిలో నాచు పెరిగే మాట నిజమే, కానీ అది అక్కడ ఉన్నది ఇంటికి వేడి, ఇంధనం ఇవ్వడానికి, మురికినీళ్ల జోలికి పోదు. మీరు చదివిన పలకలు ‘ఇండస్’ అయ్యుంటాయి, యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లోని బయో-ఐడీ ల్యాబ్ వాళ్లవి. పలక మీద ఆకు ఈనెల్లాంటి సన్నటి కాలువలు, వాటిలో సముద్రపు నాచు నుంచి తీసిన జెల్, ఆ జెల్‌లో కంటికి కనపడనంత చిన్న నాచు. నీళ్లు పైనుంచి ఈనెల వెంట జారుతుంటే కాడ్మియం లాంటి లోహాలను ఆ నాచు పట్టేసుకుంటుంది.

పట్టేసుకుంటుంది అన్నాను, తినేస్తుంది అనలేదు. సబ్బు, చెమట, జిడ్డు లాంటివైతే బ్యాక్టీరియా తిని అరిగించుకుంటుంది, లోహం అలా కాదు, ఎక్కడికీ పోదు, నీళ్లలోంచి జెల్‌లోకి చేరుతుందంతే. జెల్ నిండాక తీసి కొత్తది నింపాలి, పాతదాన్ని విషపు చెత్తలాగే జాగ్రత్తగా చూసుకోవాలి. ఇలాంటి వార్తల్లో ఫొటోలు బోలెడుంటాయి గానీ ఈ ముక్క మాత్రం కనపడదు!

మీ నీళ్లలో ఉండేది సబ్బూ మురికే కాబట్టి ఆ పలకలు అక్కర్లేదు. నీళ్లు కిందికి ఇంకని తొట్టి, అందులో కంకర, కంకరలో మెట్టతామరో జమ్ముగడ్డో చాలు. జర్మనీలో కేతే జైడెల్ అనే శాస్త్రవేత్త 1950లలోనే నీటిమొక్కలతో ఇలాంటి ప్రయోగాలు మొదలుపెట్టారు. పేరు మొక్కలకొస్తుంది గానీ పని ఎక్కువగా చేసేది కంకరకీ వేళ్లకీ పట్టిన జిగురుపొరలోని బ్యాక్టీరియానే, మొక్క వేళ్ల గుండా కాస్త ఆక్సిజన్ అందిస్తుంది. నీటిమట్టం ఎప్పుడూ కంకర పైపొర కంటే కిందే ఉండాలి, పైకొచ్చి నిలిచిందంటే దోమలు తయారు. బట్టల పీచు ముందే వడకట్టండి, లేకపోతే కంకర పూడుకుపోతుంది. బ్లీచింగ్ వేసి ఉతికిన నీళ్లు ఇందులోకి వదిలారో, మీ పనివాళ్లైన ఆ బ్యాక్టీరియాని మీరే చంపుకున్నట్టు.

ప్రశ్న: అలా శుభ్రమైన నీళ్లు తాగొచ్చా?

జవాబు: వద్దండీ. రోగక్రిములు తగ్గుతాయే తప్ప పూర్తిగా పోవు. పూలమొక్కలకి పోసుకోండి.