వీఆర్ఎస్ తీసుకుని తిరుపతిలో స్థిరపడొచ్చా?

ప్రశ్న: చిత్తూరులో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నాను. వయసు 50, సర్వీసు 23 ఏళ్ళు, పాత పెన్షన్. మోకాళ్ళు సహకరించడం లేదు. వీఆర్ఎస్ (ముందస్తు స్వచ్ఛంద విరమణ) తీసుకుని తిరుపతిలో ప్రశాంతంగా ఉందామని ఆలోచన. లేదంటే పని గంటలు తగ్గించుకుని కొనసాగే దారి ఏమైనా ఉందా?

జవాబు:

పని గంటల సంగతి ముందు తేల్చేస్తాను. మన సర్వీసులో అట్లాంటిది లేదు. హాఫ్ పే లీవు అని ఏడాదికి 20 రోజులు ఇస్తారు గానీ అది సగం జీతానికి పూర్తి సెలవు, సగం పూట ఉద్యోగం కాదు. సగం పని చేసేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, కానీ వాళ్ళు పూర్తి జీతమే తీసుకుంటారు. దానికి జీవో అక్కర్లేదు.

ఇక వీఆర్ఎస్. నేను 1992లో జూనియర్ అసిస్టెంటుగా చేరి, 2017లో 49 ఏళ్ళకు బయటికొచ్చాను. 20 ఏళ్ళ సర్వీసు దాటితే మూడు నెలల నోటీసు ఇచ్చి వెళ్ళిపోవచ్చు. నాకు 25 ఏళ్ళ సర్వీసు, దానిమీద వెయిటేజీ పేరుతో అదనంగా ఇచ్చే 5 ఏళ్ళు కలిపి 30గా లెక్కేశారు. పూర్తి పెన్షన్‌కి 33 ఏళ్ళు కావాలి. ఆఖరి మూలవేతనం 42,490 రూపాయలు. అందులో సగానికి 30/33 వంతు కడితే 19,314 వచ్చింది, డీఏ వేరు. మీ 23కి 5 కలిస్తే 28, అంటే మూలవేతనంలో 42 శాతం పైచిలుకు. చూడ్డానికి బాగానే ఉంటుంది.

ఇంటి అప్పు తీర్చడానికి నేను 40 శాతం పెన్షన్‌ని కమ్యూటేషన్ చేసేశాను, అంటే ఆ భాగానికి ముందే ఒకేసారి డబ్బు తీసేసుకున్నాను. ఆ 7,725 రూపాయలు నెలనెలా కోతపడుతూనే ఉన్నాయి. 15 ఏళ్ళకు గానీ తిరిగి రావు, అంటే 2032 దాకా. డీఏ మాత్రం మొత్తం పెన్షన్ మీదే ఇస్తారు, అది నయం. నేను నోటీసు ఇచ్చినప్పుడు రిటైర్మెంటు వయసు 60. ఇంకా 11 ఏళ్ళు చాకిరీ ఎందుకులే అనుకున్నాను. 2022లో దాన్ని 62 చేశారు. మా సెక్షన్‌లో నా పక్క సీటాయన ఇప్పటికీ ఇంక్రిమెంట్లు తీసుకుంటున్నాడు. కనపడినప్పుడల్లా "నీకేమప్పా, రాజాలాగున్నావు" అంటాడు. అనేటప్పుడు ఆ నవ్వు చూడాలి.

ఒక్క మాట. మీ ఉద్యోగం వివరాలన్నీ రాసే సర్వీసు రిజిస్టరు ఇప్పుడే అడిగి పేజీ పేజీ చూసుకోండి. నాదాంట్లో ఎప్పటిదో ఒక ఇంక్రిమెంటు ఎంట్రీకి సంతకం లేదట. ఆ సంతకం పెట్టాల్సిన మనిషి రిటైరై ఎన్నేళ్ళయిందో! దానికోసం ఐదు నెలలు తిరిగాను. 25 ఏళ్ళు ఇంకొకళ్ళ ఫైళ్ళు తిప్పినవాణ్ణి, నా ఫైలు కోసం బల్ల ముందు నిలబడ్డాను.

డబ్బు సంగతి అంతే. దానికి జనం భయపడతారు గానీ అసలు చిక్కు అది కాదు. మీరు తిరుపతిలో ఉంటానన్నారు చూడండి, అదీ చిక్కు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు చుట్టాలు ఫోన్ చేస్తే "సెలవు లేదు" అనే ఒక్క ముక్కతో సరిపోయేది. వీఆర్ఎస్ తీసుకున్న నెలలోనే ఆ ముక్క పోయింది. 2023 మే నెలలో మా ఆవిడ పెద్దమ్మగారు తాడేపల్లిగూడెం నుంచి 14 మందిని వెంటేసుకుని దిగింది. ముందు రోజు రాత్రి ఫోన్: "అల్లుడుగారూ, ట్రైనెక్కేశామండీ." 300 రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయని, 14 మందికి ఇప్పటికిప్పుడు పుట్టవని చెప్పాను. "మీరక్కడే ఉన్నారు కదండీ, చూడండి" అంది. తిరుపతిలో కాపురముంటే వెంకటేశ్వరస్వామి మన పక్కింట్లో ఉన్నట్టే లెక్క వీళ్ళకి.

సరే, సర్వదర్శనం టోకెన్లకని ఆ మర్నాడు అర్ధరాత్రి అందరినీ విష్ణునివాసం దగ్గరికి తీసుకుపోయాను. అక్కడ ఎవరి ఆధార్ వాళ్ళు పట్టుకుని ఎవరికి వాళ్ళే నిలబడాలి. ఇద్దరు పిల్లకాయలు నా చెప్పుల మీద తలపెట్టి నిద్రపోయారు. పెద్దమ్మగారు నిలబడలేదు, పేపరు పరిచి కూర్చోబెట్టాను. లైను రెండడుగులు జరిగినప్పుడల్లా ఆమెను లేపడం, పేపరు మడవడం, మళ్ళీ పరవడం. మా ఆవిడ ఇచ్చిన ఫ్లాస్కులో కాఫీ నా వంతు వచ్చేసరికి అడుగున గసి మిగిలింది. మూడోసారో నాలుగోసారో లేపినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని ఎంతో ప్రేమగా అంది: "మీకేమండీ అల్లుడుగారూ, ఖాళీయే కదా! రేపు కాళహస్తి కూడా చూపించేయండి."

ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవాలన్నా రాదు. గోదావరి వాళ్ళు అండీ అంటూ అడిగితే కాదనడానికి మన చిత్తూరోళ్ళ దగ్గర మాటే లేదు. కాళహస్తి వెళ్ళాం. రాహుకేతు పూజ కూడా చేయించాను. లడ్డూలు ఎవరికెన్ని అని పంచుకునేటప్పుడు జరిగిన రగడ రాస్తే ఇంకో జవాబు అవుతుంది.

ఆ వేసవి అయ్యాక నేను చేసిన పని, లీలామహల్ సర్కిల్‌కి దగ్గర్లో ఒక హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాయడానికి చేరడం. పొద్దున 9 నుంచి ఒంటిగంట దాకా, నెలకు 8,000. మీరడిగిన సగం పూట ఉద్యోగం ఇట్లా దొరుకుతుంది, సర్కారులో కాదు. ఆ 8,000 కోసం కాదు గానీ, ఫోన్ మోగితే "డ్యూటీలో ఉన్నాను" అనగలుగుతున్నాను. మా ఆవిడ కూడా టెన్షన్ తగ్గి కాస్త నవ్వుతోంది.

ఇది చదివే కుర్రోళ్ళకి ఒక మాట. మీరు 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ చేరి సీపీఎస్‌లో (జీతంలోంచి కోసి పోగేసే కొత్త పెన్షన్‌లో) ఉంటే నా లెక్క మీకు పనికిరాదు. ముందే మానేస్తే పోగైన డబ్బులో 80 శాతం, నెలనెలా పెన్షన్‌లా ఇచ్చే యాన్యుటీ కొనడానికే పోతుంది.

మీ విషయానికొస్తే, వీఆర్ఎస్ తీసుకోండి, కమ్యూటేషన్ మాత్రం అప్పుంటేనే చేయండి. ఇల్లు తిరుపతిలో వద్దు. మోకాళ్ళ నొప్పి అన్నారు కదా, అలిపిరి దారిలో 3,550 మెట్లు. మొక్కుందని వచ్చిన ప్రతివాళ్ళూ ఖాళీగా ఉన్న మిమ్మల్నే తోడు రమ్మంటారు. చిత్తూరులోనే ఉండండి. కాణిపాకం పక్కనే ఉంది గానీ, అక్కడికొచ్చే చుట్టాలు దర్శనం చేసుకుని, మీ ఇంట్లో సంగటి తిని, సాయంత్రానికి తిరుపతి వెళ్ళిపోతారు. మా ఇంటికి.