శనివారం సిట్టింగు, గుండె లెక్క

చి. రఘుకి ఆశీస్సులు.

"రోజూ తాగను పెదనాన్నా, శనివారం మాత్రమే" అన్నావు ఫోన్లో. చిక్కంతా ఆ శనివారంలోనే ఉంది, అందుకే ఈ ఉత్తరం.

ముందు సీసా మీద చూడు, 42.8 శాతం అని ఉంటుంది. అంటే 180 మి.లీ. క్వార్టర్లో అసలు ఆల్కహాల్ 77 మి.లీ., తూకంలో 61 గ్రాములు. ఒక్క విడతలో 60 గ్రాములు తాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగడం కిందే కడుతుంది. మీవాళ్లు "క్వార్టరే కదా" అనేది సరిగ్గా ఆ గీత మీద ఉందన్నమాట. బీరు తేలికేం కాదు. 8 శాతం స్ట్రాంగ్ బీరు, 650 మి.లీ. సీసాలో 41 గ్రాములుంటుంది. 60 మి.లీ. పెగ్గులు రెండు తాగినట్టే.

రోజుకో పెగ్గు చొప్పున వారంలో ఏడు తాగినవాడూ, ఏడూ ఒక్క రాత్రే దించినవాడూ కాగితం మీద సమానం, గుండె దగ్గర కాదు. లివరు గంటకి సుమారు ఏడెనిమిది గ్రాములే అరగదీస్తుంది. మిగతాది రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. అప్పుడే గుండె పై గదుల లయ తప్పుతుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే ఒక దెబ్బ దగ్గరగా, ఒకటి దూరంగా, వరసే ఉండదు. అదే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. సెలవుల్లో తప్పతాగి ఇలా ఆస్పత్రికొచ్చేవాళ్లను చూసి 1978లో అమెరికా డాక్టర్లు "హాలిడే హార్ట్" అని పేరే పెట్టారు. లయ తప్పిన ఆ పై గదుల్లో కదలక నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకి చేరితే పక్షవాతం.

బీపీ కూడా మోసం చేస్తుంది. తాగిన రాత్రి చూస్తే తక్కువే చూపిస్తుంది, మర్నాడు మధ్యాహ్నానికి ఎగబాకుతుంది. దానికి తోడు ఉప్పు పల్లీలు, చికెన్ 65.

రెడ్ వైన్ గుండెకి మంచిదట కదా అంటావు. అలా చెప్పిన పాత లెక్కల్లో జబ్బు చేసి మందు మానేసినవాళ్లని కూడా "తాగనివాళ్ల"లో కలిపేశారు. దాంతో తాగనివాళ్లే రోగిష్టుల్లా కనిపించారు. 52 దేశాల ఇంటర్‌హార్ట్ పరిశోధనలో కూడా మన దక్షిణాసియా వాళ్లకి ఆ మేలేదీ కనబడలేదు.

నన్నడిగితే సున్నానే. కాదంటే 30 మి.లీ. కొలత గ్లాసొకటి కొనుక్కో, వెడల్పు గ్లాసులో కంటికొలతన పోస్తే 60 అనుకున్నది 90 అవుతుంది. ముందు కడుపునిండా అన్నం తిను. 30 మి.లీ.వి రెండు, మధ్యలో గంట ఎడం, గ్లాసుడు నీళ్లు. ఈ వారం మానేశానని వచ్చేవారం నాలుగు చేయకు. ఇంట్లో ఫుల్ బాటిల్ పెట్టుకోకు.

మందు మీద మందెందుకని శనివారం బీపీ బిళ్ల ఎగ్గొట్టేవాళ్లు బోలెడుమంది. రెండిట్లో మానాల్సింది బిళ్ల కాదు. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ బిళ్ల పెట్టుకునేవాళ్లయితే అసలు తాగకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోయి కూలిపోతారు. రక్తం పలచబడే బిళ్లలు వేసుకునేవాళ్లకి లోపల రక్తస్రావం అయ్యే భయం.

మీ మామగారి సంగతి వేరు. రోజూ క్వార్టర్ దాటి ఏళ్లతరబడి తాగితే గుండె కండరం సాగి, గుండె పెద్దదవుతుంది. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు, పడుకుంటే దగ్గు. తొందరగా మానితే చాలామందిలో మళ్లీ కోలుకుంటుంది. అలాగని రేపట్నించే బంద్ అనిపించకండి. రోజూ తాగేవాళ్లు ఉన్నపళంగా ఆపితే మొదటి రెండు రోజుల్లోనే వణుకు, చెమటలు, ఫిట్స్. ఆ తర్వాత మతి తప్పి సంధి మాటలు. ప్రాణానికే ముప్పు. డాక్టరు దగ్గరుండి, బీ1 విటమిన్ ఇస్తూ మాన్పించాలి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

తాగిన రాత్రి ఎవరికైనా ఛాతీ బిగిసి, చెమట పట్టి, ఎడమ చెయ్యో దవడో లాగుతుంటే గ్యాస్ అనుకుని ఈనో కలుపుతూ కూర్చోకండి. 108 పిలవండి, ఈసీజీ తీయించండి. బండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు.

ఈ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, బుధవారం అదే టైముకి ఒకసారి బీపీ చూసుకుని రెండంకెలూ నాకు పంపు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాకే చూసుకో, టీ తాగిన వెంటనే కాదు.

మీ పెదనాన్న